మా సింధియాలో కోట ఏదీ లేదు

పోయిన నెలలో ఒక ఆదివారం అమ్మను చూడ్డానికి శ్రీహరిపురం బయల్దేరాను. విశాఖపట్నం కాంప్లెక్స్ బస్టాండులో సింధియా మీదుగా గాజువాక వెళ్లే బస్సు ఎక్కితే అదృష్టం బాగుండి కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. వరంగల్ దగ్గర ఊరట, ఇంజనీరింగ్ అయిపోయి ఇక్కడేదో అప్రెంటిస్‌గా చేరాడట, ఊరికి వచ్చి ఇంకా వారం కాలేదు. కాన్వెంట్ జంక్షన్ దాటాక కండక్టర్ "సింధియా ఎవరమ్మా, సింధియా" అని అరిచాడు. ఈ కుర్రాడు నా వైపు తిరిగి, "అంకుల్, ఈ సింధియా అంటే ఆ గ్వాలియర్ సింధియాలేనా? ఇక్కడ వాళ్ల కోట గీట ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కోటేమిటి బాబూ, ఇక్కడ షిప్‌యార్డ్ ఉంది, సింధియా అనేది ఒకప్పటి ఓడల కంపెనీ పేరు అని చెప్పాను. ఆ కుర్రాడు ఊరుకోలేదు. "మరి కంపెనీకి ఆ పేరెందుకు పెట్టిన్రు?"

అక్కడ నా నోరు మూతపడింది. నాకు నలభై ఏడేళ్లు. పుట్టింది, చదివింది, సైకిల్ నేర్చుకుని మోకాళ్లు చెక్కుకుంది అంతా ఈ మల్కాపురం, గాంధీగ్రామ్ సందుల్లోనే. మా తాత షిప్‌యార్డ్‌లో కలాసీ. అయినా రోజుకు నాలుగుసార్లు పలికే ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ అనుకోలేదు. మా వైపు పేర్లన్నీ ఇంతే లెండి. రిఫైనరీ చేతులు మారి నలభై ఏళ్లు దాటిపోయినా మా అమ్మకు అది ఇప్పటికీ కాల్టెక్సే. వాళ్లు పోతారు, పేరు బస్టాప్ అయి మిగిలిపోతుంది, మనం దిగాల్సిన చోట దిగిపోతాం.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. వారం పది రోజులు రాత్రిళ్లు కూర్చుని చదివితే తేలిందేమిటంటే, ఆ కుర్రాడు అన్నది దాదాపు నిజం. సింధియా అంటే గ్వాలియర్ సింధియాలే. కోట మాత్రం లేదు, దానికి బదులు ఒక ఓడ ఉంది. ఆ ఓడ వెనకాల పడి వెళ్తే గ్వాలియర్ దగ్గర ఆగలేదు, హాంకాంగ్, వాంకూవర్ తిరిగి చివరికి ఇంగ్లాండులో నేనెప్పుడూ వినని ఒక చిన్న ఊళ్లో తేలాను. ఈ పోస్టు సగం ఆ ఊరి గురించే.

ముందు మనకు తెలిసిన వైపు నుంచి వస్తాను. 1919 మార్చిలో బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ ఇంకొందరు కలిసి ఒక ఓడల కంపెనీ పెట్టారు. అప్పటికి మన తీరం వెంట ఒక రేవు నుంచి ఇంకో రేవుకు సరుకు వెళ్లాలన్నా దాదాపు అంతా బ్రిటిష్ కంపెనీల చేతిలోనే ఉండేది. ఎవరైనా మనవాళ్లు ఓడ దింపితే వాళ్లు రేట్లు తగ్గించేసి, నష్టాన్ని నాలుగేళ్లు భరించైనా సరే వీళ్లను ముంచేవారు. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై గారు 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి ఏమయ్యారో తెలిసిందే, రెండేళ్లకే జైల్లో ఉన్నారు. ఆ సంగతంతా కళ్ల ముందే ఉన్నా వాల్‌చంద్ వాళ్లు గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియా దగ్గరున్న ఒక పాత ఓడను కొన్నారు. దాని పేరు 'లాయల్టీ'. ఓడ సింధియాది కాబట్టి కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ అని పేరు పెట్టుకున్నారు. అంతే సంగతి. ఆ కుర్రాడికి నేను బస్సులో చెప్పాల్సిన జవాబు ఇదే.

ఆ లాయల్టీ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఆ రోజు గుర్తుగానే 1964 నుంచి ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినం జరుపుతున్నారు. ఇది చదవగానే నాకు ఐదో తరగతి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఏప్రిల్ మొదట్లో బళ్లో చిన్న కాగితం జెండాలు అమ్మేవారు, గుండుసూదితో చొక్కాకు గుచ్చుకోవాలి. ఎందుకని అడిగితే మా మాస్టారు "ఓడల పండగరా" అన్నారు. ఆ ఓడ యజమాని పేరే మన బస్టాప్ పేరు అని ఆయన ఒక్క ముక్క చెప్పుంటే ఈ ముప్పై ఏడేళ్లూ నేను తెలివైనవాణ్ణని అనుకుంటూ బతికేవాణ్ణి.

సరే, మహారాజు దగ్గరకు ఓడ ఎలా వచ్చింది? రాజులు ఏనుగుల్ని కొంటారు, కార్లు కొంటారు, గ్వాలియర్‌లో సముద్రమే లేదు కదా. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, 1914 చివర్లో, గాయపడిన సైనికుల్ని తీసుకురావడానికి ఆసుపత్రి ఓడగా వాడటానికి దాన్ని కొన్నారు. రాజభక్తి చాటుకోవడానికే 'లాయల్టీ' అని పేరు మార్చారు. విశ్వాసం అనే పేరున్న ఓడను ఐదేళ్లకు స్వదేశీ వాళ్లు కొని బ్రిటిష్ కంపెనీల మీదికే తోలారు. పేరు మార్చకుండా తోలారు చూడండి, అది నాకు భలే నచ్చింది.

లాయల్టీ కాకముందు దాని పేరు 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా'. పేరులో ఇండియా ఉంది గానీ దాని పని వేరే సముద్రంలో. కెనడాలో ఈ చివర నుంచి ఆ చివరకు రైలు పట్టాలు వేసిన కెనడియన్ పసిఫిక్ వాళ్ల ఓడ అది. 1885లో ఆ రైలు మార్గం పూర్తయ్యాక వాళ్లకో ఆలోచన వచ్చింది. లండన్‌లో పోస్టు చేసిన ఉత్తరం సూయజ్ మీదుగా హాంకాంగ్ వెళ్లే బదులు అట్లాంటిక్ దాటి, మా రైల్లో కెనడా అంతా దాటి, వాంకూవర్‌లో ఓడెక్కి యోకోహామా, హాంకాంగ్ వెళ్తే ఎలా ఉంటుందని. ప్రభుత్వం ఏడాదికి 60,000 పౌండ్లు ఇస్తానని టపా కాంట్రాక్టు రాసింది. ఆ డబ్బు ధైర్యంతో మూడు అక్కచెల్లెళ్లను కట్టించారు. ఎంప్రెస్ ఆఫ్ ఇండియా, ఎంప్రెస్ ఆఫ్ జపాన్, ఎంప్రెస్ ఆఫ్ చైనా. తెల్లరంగు వేసి, కొంగ మెడలా ముందుకు సాగిన ముక్కుతో, రెండు ప్రొపెల్లర్లతో, 16 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లు పోయే ఓడలు. ఇండియా పరిమాణం 5,905 టన్నులు (ఓడల లెక్కలో ఇది బరువు కాదు, లోపలి చోటు కొలత), పొడవు 139 మీటర్ల దాకా. 1891 ఏప్రిల్‌లో వాంకూవర్ చేరింది. అక్కడి నుంచి ఇరవై ఏళ్లకు పైగా పసిఫిక్‌లో టపా మోసుకుంటూ అటూ ఇటూ తిరగడమే.

వీటి పేర్ల ముందు ఆర్ఎంఎస్ అని రాసేవారు, రాయల్ మెయిల్ మోసే ఓడ అని. నాకు ఆర్ఎంఎస్ అంటే స్టేషన్ దగ్గర రైల్వే మెయిల్ వాళ్ల ఆఫీసు. డిగ్రీలో అప్లికేషన్ ఆఖరి రోజు వరకూ ఆపేసి, రాత్రి తొమ్మిదికి అక్కడికి పరిగెత్తి పోస్టు చేసేవాళ్లం. ఆ మూడు అక్షరాలకు అసలు తాతగారు ఎవరో అని ఊహించుకున్నాను గానీ రెండింటికీ చుట్టరికం లేదు, అక్షరాలు కలిశాయంతే. పని మాత్రం ఒకటే. ఫోను లేని రోజుల్లో ఒక ఊరి మాట ఇంకో ఊరికి చేర్చడం.

ఇప్పుడు అసలు ఊరికి వద్దాం. ఈ ఎంప్రెస్‌లను కట్టింది ఇంగ్లాండు వాయువ్య తీరంలో ఉన్న బారో-ఇన్-ఫర్నెస్ అనే ఊళ్లో. లివర్‌పూల్ పేరు విన్నాం, గ్లాస్గో పేరు విన్నాం, బారో ఏమిటి అనిపించింది. మ్యాప్‌లో చూస్తే సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ఒక నేల ముక్క చివర్న ఉంది. దారిలో తగిలే ఊరు కాదు, పని గట్టుకుని వెళ్లాలి. ఎదురుగా వాల్నీ అనే పొడుగాటి దీవి అడ్డం పడుకుని ఉంటుంది. దానికీ ఊరికీ మధ్య సన్నటి కాలువలాంటి సముద్రం. ఓడలు అందులోకే దిగాలి.

ఇక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. ఎందుకంటే ఇది మన ఊరే. అడ్డం పడుకున్న దీవి స్థానంలో మన డాల్ఫిన్ నోస్ కొండ పెట్టండి, సన్నటి ఛానెల్ అలాగే ఉంచండి.

పోలిక అక్కడితో అయిపోలేదు. బారో మొదట చిన్న పల్లె. దగ్గర్లో ఇనుప రాయి దొరికేది. దాన్ని రేవుకు దింపడానికి 1846లో ఫర్నెస్ రైల్వే వేశారు. రైలు ఊరికోసం కాదు, రాయి కోసం. 1850లో ష్నైడర్ అనే ఆయనకు పార్క్ అనే చోట పెద్ద నిక్షేపం తగిలింది. రాయిని ఎక్కడికో పంపడం ఎందుకు ఇక్కడే కరిగిద్దామని బట్టీలు పెట్టారు, తర్వాత స్టీల్ ఫ్యాక్టరీ వచ్చింది, అందులో రైలు పట్టాలు చేసి దేశదేశాలకు ఎగుమతి చేశారు. 1867లో డాక్ తెరిచారు. స్టీల్ ఉంది, నీళ్లు ఉన్నాయి, ఇంకేం కావాలని 1871లో ఓడల కంపెనీ పెట్టారు. మన కథలో వరస కొంచెం తారుమారైంది. మనకు ముందు రైలు, తర్వాత పోర్టు, తర్వాత షిప్‌యార్డ్. బైలదిల్లా గనుల ఇనుప రాయి దింపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి లైను వేసింది 1960లలో, స్టీల్ ప్లాంటు ఆఖర్న. కానీ ముక్కలన్నీ అవే. ఆ కేకే లైను మీద అరకు వెళ్తూ టన్నెల్ వచ్చినప్పుడల్లా అరిచే పిల్లలకు అది మనకోసం వేసిన లైను కాదనీ, జపాన్ ఫ్యాక్టరీలకు రాయి పంపడానికి వేసిందనీ ఎవరు చెప్తారు.

బారోలో మొదటి నుంచీ అంతా సవ్యంగా జరగలేదు, అదీ చెప్పాలి. 1881లో 'సిటీ ఆఫ్ రోమ్' అని ఒక అందాల ఓడ కట్టారు. అట్లాంటిక్‌లో అన్నింటికంటే వేగంగా పోవాలని ఒప్పందం. తీరా చూస్తే వేగం లేదు, కొన్న కంపెనీ తిప్పి పంపేసింది. పెళ్లికూతురు అందంగా ఉంది గానీ నడవదు అన్నట్టు. 1911లో ఇంకో సాహసం చేశారు. నేవీ కోసం పెద్ద గాలి ఓడ కట్టారు, దానికి జనం పెట్టిన పేరు మేఫ్లై. షెడ్డులోంచి బయటకు లాగుతుంటే గాలికి నడుం విరిగి రెండు ముక్కలైంది. ఒక్కసారి కూడా ఎగరలేదు. ఇవి చదివాక నాకు ఆ ఊరంటే ఇంకా ఇష్టం కలిగింది. మధ్యలో 1901లో బ్రిటిష్ నేవీ మొట్టమొదటి జలాంతర్గామి హాలండ్-1 ఈ ఊళ్లోనే నీళ్లలోకి దిగింది. అప్పటి నుంచి ఈరోజు దాకా జలాంతర్గాములే ఆ ఊరికి అన్నం పెడుతున్నాయి. మన దగ్గర కురుసుర జలాంతర్గామి బీచ్ రోడ్డు మీద ఎండకు నిలబడి ఉంది, అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులైలో ఇక్కడే నీళ్లలోకి దిగింది. ఇంక ఏమనాలి.

ఒక్క విషయం మాత్రం చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. 1900లో బారోలో జపాన్ నేవీ కోసం 'మికాసా' అనే యుద్ధనౌక కట్టారు. 1905లో రష్యా నౌకాదళాన్ని ఓడించినప్పుడు జపాన్ అడ్మిరల్ టోగో నిలబడింది ఆ ఓడ మీదే. జపాన్ సముద్రం మీద పెద్ద శక్తి అయింది ఆ గెలుపుతో. ఆ జపాన్ విమానాలే 1942 ఏప్రిల్ 6న మన ఊరి మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చాయి, అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. బారో మీద అంతకు ఏడాది ముందే, 1941 ఏప్రిల్, మే నెలల్లో జర్మన్లు వేశారు. ఓడలు కట్టే ఊళ్లకు ఇది తప్పదు కాబోలు.

మా అమ్మమ్మకు అప్పుడు ఆరేళ్లు. ఊరంతా ఖాళీ అయిపోయిందనీ, వాళ్ల నాన్న ఎడ్లబండి కట్టి చోడవరం వైపు చుట్టాల ఊరికి తీసుకెళ్లాడనీ, దారిలో పిండివంటల డబ్బా పడిపోయిందనీ చెప్పేది. యుద్ధం గురించి ఆవిడకు గుర్తున్నది ఆ డబ్బా. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు, ఎప్పుడైనా వెళ్తే చూడండి.

మన పోర్టు సంగతి. నరవ గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉప్పు బురద నేల ఉండేది, దాన్ని తవ్వి లోపల రేవు చేశారు. బయట అలల్ని ఆపడానికి పాత ఓడలు రెండింటిని తెచ్చి ముంచి, వాటినే అడ్డుకట్టగా వాడారు. అంటే మన పోర్టు పునాదిలో ఓడలున్నాయి. 1933 అక్టోబర్ 7న మొదటి వాణిజ్య నౌక లోపలికి వచ్చింది. దాని పేరు 'జల దుర్గ'. ఎవరిదనుకుంటున్నారు? సింధియా కంపెనీదే. ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు గానీ తలుపు తట్టి ముందు లోపలికి వచ్చింది వీళ్లే.

ఓడలు నడపడంతో వాల్‌చంద్‌కు తృప్తి కలగలేదు. ఆ మనిషికి తృప్తి అనేదే లేదనుకుంటాను. బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు, తర్వాత బొంబాయిలో ప్రీమియర్ కార్లు. ఆ మధ్యలో, ఓడలు మనమే కట్టుకోవాలని మన దగ్గరకు వచ్చాడు. డాల్ఫిన్ నోస్ కొండ దక్షిణం నుంచి వచ్చే అలల్ని అడ్డుకుంటుంది. జంషెడ్‌పూర్ నుంచి టాటా స్టీల్ తేవడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైలు తిన్నగా వాల్తేరుకు ఉంది. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. కాలనీకి గాంధీగ్రామ్ అని పేరు పెట్టారు. ఇంకా పది నెలలు కూడా కాలేదు, బాంబులు పడ్డాయి. యుద్ధం అయ్యేదాకా పని ముందుకు సాగలేదు.

1946లో మొదటి ఓడకు కీల్, అంటే అడుగున వెన్నెముకలాంటి దూలం, వేశారు. 'జల ఉష'. 8,000 టన్నుల సరుకు మోసే ఓడ. 1948 మార్చి 14న నెహ్రూ గారు వచ్చి నీళ్లలోకి దింపారు. ఆ రోజు ఆదివారం. గాంధీగారు పోయి నెలన్నర. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ ఇదే. మన బస్టాప్ వెనకాల.

మా తాత ఆ రోజు నెహ్రూని చూశానని చచ్చేదాకా చెప్పాడు. అప్పటికి ఆయన పన్నెండేళ్ల కుర్రాడు, భీమిలి పక్క పల్లె నుంచి మేనమామతో నడిచి వచ్చానని, మనుషుల భుజాల మధ్య నుంచి తెల్లటోపీ కనిపించిందని. మా అమ్మ నమ్మదు. "ఆ రోజు టోపీ పెట్టుకున్నవోళ్లు వెయ్యిమంది ఉంటారు, నాన్న ఏ టోపీ చూసేడో" అంటుంది. ఏదేమైనా 1956లో తాత అందులోనే కలాసీగా చేరాడు. కలాసీ అంటే తెలియనివాళ్లకు చెప్తున్నాను, బరువైన ప్లేట్లు, యంత్రాలు తాళ్లతో, గొలుసులతో, క్రేన్లతో ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో చూసేవాళ్లు. వెల్డర్‌కు పేరొస్తుంది, ఇంజనీరుకు ఫోటో వస్తుంది, కలాసీకి నడుం నొప్పి వస్తుంది. ఇది తాత మాటే.

ఓడను నీళ్లలోకి దింపడం గురించి ఆయన చెప్తే మా పిల్లలందరం అన్నం మర్చిపోయి వినేవాళ్లం. కట్టినన్నాళ్లూ ఓడ బరువంతా కింద దిమ్మల మీద ఉంటుంది. దింపే రోజు ఆ బరువును దిమ్మల మీద నుంచి జారుడు చెక్కల మీదికి మార్చాలి. అది ఒక్కసారిగా జరిగేది కాదు. తెల్లవారుజాము నుంచి వరసగా నిలబడి చెక్క చీలల్ని సుత్తులతో కొడుతూ పోతారు, కొట్టేకొద్దీ ఓడ వెంట్రుకవాసి పైకి లేచి చెక్కల మీదికి వస్తుంది. ఆ జారుడుబాటకు ముందే కొవ్వు, మెత్తటి సబ్బు దట్టంగా పట్టిస్తారు. వాసన మూడు రోజులు ఒంటికి వదలదట. దిమ్మలు ఒక్కొక్కటే తీసేస్తారు. ఆఖరికి ఆ వేల టన్నుల ఓడను పట్టుకుని ఉండేది ఒక్క మరసీల. పెద్దలు వస్తారు, కొబ్బరికాయ కొడతారు, సీల వదిలేస్తారు. "అప్పుడేటవుద్ది తాతా?" అని అడిగితే తాత కాసేపు ఆగేవాడు. "మొదట ఏటీ అవదురా. కదల్దు. ఊపిరి బిగబట్టేస్తాం. అప్పుడొక మూలుగు వినిపిస్తాది, గేదె ఈనేముందు మూలుగుద్ది చూడు, అలాగ. ఆ తర్వాత ఇంక ఆపేవోడు లేడు."

జారుతుంటే ఆ రాపిడికి కొవ్వు పొగలొస్తుంది. ఛానెల్ సన్నం కాబట్టి అది అదే ఊపులో వెళ్లి ఎదురు ఒడ్డున గుద్దుకోకుండా పెద్ద గొలుసుల కట్టలు ఓడకు కట్టి ఉంచుతారు. అవి నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి వేగాన్ని లాగేస్తాయి. ఆ గొలుసుల చప్పుడు, దుమ్ము, జనం కేకలు. సన్నటి నీళ్లలోకి ఓడలు దింపే ఏ ఊళ్లోనైనా ఇలాగే చేస్తారట. వాల్నీ ఛానెల్‌లోకి ఎంప్రెస్ దిగినప్పుడు బారో వాడి మనవడు కూడా ఎవడో ఇలాగే అన్నం మర్చిపోయి విని ఉంటాడు.

ఆ ఎంప్రెస్ చివరికి ఏమైంది అంటారా. సింధియా వాళ్ల చేతిలో ఎక్కువ కాలం బతకలేదు. టపా కోసం, వేగం కోసం, ఫస్ట్ క్లాసు ప్రయాణికుల కోసం కట్టిన ఓడ, అప్పటికే ముసలిది. సరుకు వ్యాపారానికి పనికిరాదు. 1923లో బొంబాయిలోనే ముక్కలు చేసేశారు. నాలుగేళ్ల కాపురం. కానీ వెళ్తూ వెళ్తూ తన యజమాని ఇంటిపేరు ఒక కంపెనీకి, ఆ కంపెనీ ఒక షిప్‌యార్డ్‌కి, ఆ షిప్‌యార్డ్ ఒక జంక్షన్‌కి ఇచ్చేసింది. షిప్‌యార్డ్‌ను 1952లో ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అంది, 1961కి పూర్తిగా ప్రభుత్వానిదే అయింది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది. పేరు మారి డెబ్భై ఏళ్లు దాటినా కండక్టర్ ఎవరూ "హిందుస్థాన్" అని అరవడు.

ఓడలు దిగుతూనే ఉన్నాయి. క్షిపణుల జాడ పట్టే ధ్రువ్ ఇక్కడి నుంచే వెళ్లింది, 2025 జులైలో నౌకాదళంలో చేరిన నిస్తార్ ఇక్కడిదే. సముద్రం అడుగున జలాంతర్గామి చిక్కుకుపోతే లోపలివాళ్లను బయటకు తేవడానికి సాయపడే ఓడ అది. నాకున్న బాధ ఒక్కటే. ఊళ్లోకి చుట్టాలొస్తే కైలాసగిరి చూపిస్తాం, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినిపిస్తాం, సింధియా వైపు ఎవర్నీ తీసుకురాం. నేవీ, పోర్టు, రిఫైనరీ, ఎటు చూసినా గోడలే, చూపించడానికి ఏముంది అంటారు. నిజమే, నేనూ అంతే. కనీసం ఆ జంక్షన్‌లో రెండు వాక్యాల బోర్డు ఒకటి ఉంటే, బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చదువుకుంటాం కదా. పక్కనున్న ఫ్లెక్సీల్లో ఉన్న పుట్టినరోజులన్నీ చదువుతున్నాం.

మొన్న మళ్లీ శ్రీహరిపురం వెళ్లాను. ఆ కుర్రాడు కనబడతాడేమోనని బస్సంతా చూశాను, లేడు. అమ్మ వంకాయ కూర వండుతోంది. వంటింటి గడప మీద కూర్చుని ఈ కథంతా చెప్పాను. బారో, టపా, మహారాజు, లాయల్టీ, అన్నీ. అమ్మ మూత పెట్టి, స్టవ్ తగ్గించి, ఓపిగ్గా విని, "అయితే ఆ ఓడని గ్వాలియర్ రాజుగారు కొన్నారు కాబట్టి సింధియా అయింది అంతేనా?" అంది.

అంతేనమ్మా అన్నాను.

"మన విజీనగరం రాజుగారు కొనలేదు, బతికేం. ఈ బస్టాపుకి విజీనగరం అని పేరెట్టుంటే కాంప్లెక్స్‌లో ఏ బస్సు ఎక్కాలో తెలీక చచ్చేవాళ్లం" అని కూర కలపడానికి లేచింది.